లప్పం చుక్క

జూన్ 8, ఆదివారం

వదిన వ్యాన్ కొనేసింది. కొందామనుకుంటున్నాను అని కాదు, కొంటే ఎలా ఉంటుందంటావు అని కాదు. కొనేసి, తిన్నగా మా ఇంటికొచ్చి, టీ పెట్టమంది.

మూతబడిన కాగితం మిల్లులో సామాన్లు వేలం వేస్తున్నారని పాత బల్లల కోసం వెళ్లిందట. బల్లలన్నీ చెదలు తినేశాయట. వెనక షెడ్డులో ఒక మూల ఈ వ్యాన్. ఎవరూ పాడటం లేదు, చూస్తే జాలేసింది, నేను పాడాను అంది.

మా ఆయన ముందు నవ్వాడు. తర్వాత కాగితాలేవక్కా అన్నాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. బండికి రిజిస్ట్రేషన్ లేదు. ఉండి పోయింది కాదు, అసలు ఎప్పుడూ లేదు. మిల్లు ప్రహరీ లోపల ఈ గోడౌన్ నుంచి ఆ గోడౌన్‌కి సరుకు మొయ్యడానికి కొన్నారు. ఒక్కసారి కూడా గేటు దాటనివ్వలేదు. వయసులో నాకంటే కొంచెమే చిన్నది, ఇంతవరకూ రోడ్డు చూడలేదు. వదిన చేతిలో ఉన్నవి మిల్లు వాళ్లు కొన్నప్పటి రసీదు, ఇవాళ్టి వేలం రసీదు. అంతే.

నీకు పిచ్చి పట్టిందా అక్కా అన్నాడు. పిచ్చే ఉంటే నీలాగా ఎక్కడో ఒక చోట ఉద్యోగం చేసుకునేదాన్ని కదరా అని వదిన టీ ఊదుకుంది.

వదిన చెక్క సామాన్లకి పాలిష్ పెడుతుంది. ముందు కొట్టు, వెనక ఒక గది, అదే ఇల్లు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, వచ్చినవాడల్లా తడి పాలిష్ మీద వేలు పెట్టి చూశాడు అంటుంది. ఇప్పుడు ఆ బిల్డింగు పడగొడుతున్నారు. ఆగస్టు ఆఖరుకి ఖాళీ చెయ్యాలి. కొత్తగా కొట్టు తీసుకునే స్తోమత లేదు. అందుకని కొట్టునే చక్రాల మీద పెట్టేస్తుందట. బీరువా నా దగ్గరికి రావాలంటే నలుగురు మనుషులు కావాలి, నేను బీరువా దగ్గరికి పోవాలంటే నేనొక్కదాన్ని చాలు అంది. పడుకోవడానికి కలప డిపో మేడ మీద చిన్న గది కూడా మాట్లాడుకొచ్చింది.

వ్యాన్ రోడ్డెక్కకపోతేనో అన్నాడు మా ఆయన. జవాబూ తనే చెప్పాడు. మా ఇంటికొచ్చెయ్, పుస్తకాల గది ఖాళీ చేద్దాం అని.

పుస్తకాల గది నాది. వదిన నా వైపు చూసింది. నేను గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. నా మొహంలో ఏమైనా కనబడిందా?

జూన్ 9

కాలేజీలో లాజిక్ క్లాసు. ఒక సందేహాన్ని ఎంతవరకు లాగొచ్చు, ఎక్కడ ఆపాలి అని పిల్లలకి చెప్పి వచ్చాను. ఇంటికొచ్చి నాది లాగుతూ కూర్చున్నాను. ఆ వ్యాన్ రోడ్డెక్కాలని నేను కోరుకుంటున్నది వదిన కోసమా, నా గది కోసమా?

జూన్ 15, ఆదివారం

వ్యాన్ వచ్చింది. నంబరు లేని బండి రోడ్డు మీద నడవకూడదు కదా, లారీ మీద ఎక్కించి తెచ్చారు. లారీ డ్రైవరు ఎంత మొత్తుకున్నా వదిన దిగలేదట. దీని బ్రేకు సంగతి నాకు తెలీదు, నీకూ తెలీదు, నేను తొక్కిపట్టుకుని కూర్చుంటాను అందట. లారీ మీద వ్యాన్, వ్యాన్‌లో వదిన, రెండు చేతులూ స్టీరింగు మీద. ఊరంతా అలాగే వచ్చింది. మలుపు వచ్చినప్పుడల్లా స్టీరింగు తిప్పాను కూడా అని చెప్పింది. ఎందుకు వదినా అంటే, అలవాటవ్వద్దూ దానికి అంది.

మా ఇంటి పక్కసందులో దించారు. అంటే నా కారు ఉండే చోట. నా కారు వీధిలోకి పోయింది, చెట్టు కిందకి. సాయంత్రానికే దాని నెత్తిన పిట్టలు చేయాల్సిన పనంతా చేసి పెట్టాయి. నేను మొహం ముడుచుకున్నాను. రెండు నెలలు ఓపిక పట్టు మరదలా, తర్వాత నీ స్థలం నీకు అంది వదిన. స్థలం అన్నప్పుడు ఎందుకో ఉలిక్కిపడ్డాను.

జూన్ 22, ఆదివారం

మెకానిక్ వచ్చాడు. వీధిలో అందరూ డాక్టర్ అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని వింటాడు, అందుకు. చాలాసేపు విన్నాడు. గుండె బాగుంది, కీళ్లే పోయాయి అన్నాడు. నాలాగే, కానియ్ అంది వదిన.

టైర్లు ఎండి బీటలు వారాయి. బ్రేకు గొట్టాలు పట్టుకుంటే పొడి రాలుతోంది. పెట్రోలు ట్యాంకులో తుప్పు. వైపర్లు లేవు, మిల్లు షెడ్డులో వాన పడదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు కాబోలు. హారన్ మాత్రం మోగింది. అది మోగగానే వదిన మొహం చూడాల్సింది.

తలుపు పక్కన స్తంభానికి చిన్న రేకు రివెట్లతో బిగించి ఉంది. దాని మీద నంబరు. ఇదే దీని పేరు అన్నాడు డాక్టర్. వదిన కొంగుతో తుడిచి, పైకి చదివింది, అంకె అంకె విడిగా, కొత్తగా బడిలో చేరిన పిల్ల పేరు అడిగి తెలుసుకున్నట్టు.

జూన్ 25

స్టార్టయింది. వీధి వీధంతా పొగ. పక్కింటావిడ ఆరేసిన బట్టలు మళ్లీ తడుపుకోవాల్సి వచ్చింది, గొడవకే వచ్చింది. వదిన క్షమాపణ చెప్పలేదు, రండి రండి, ఎక్కి కూర్చోండి అంది. ఆవిడ ఎక్కి కూర్చుంది. హారన్ కూడా కొట్టి వెళ్లింది.

ఇంజను కింద నూనె కారి నేల మీద అరచేయంత మరక. నా సందులో. సబ్బుతో తోమాను, పోలేదు. కారడం రేపు ఆపుతాను, మరక సంగతి నాకు తెలీదు అన్నాడు డాక్టర్.

జూలై 6, ఆదివారం

డాక్టర్ కూతురి పురుడని ఊరెళ్లాడు. ఇంజనూ బ్రేకులూ అయిపోయాయి. బండి ఒంటి మీది రేకు పని, రంగు పని వదినవి. అవి కూడా అయితే రిజిస్ట్రేషన్‌కి ఇన్‌స్పెక్షన్.

ఇవాళ రోజంతా తన పక్కనే ఉన్నాను. రాయకుండా ఉండలేను. ముందు తుప్పంతా గీకింది. తర్వాత లప్పం కలిపింది, పెరుగు తోడుపెట్టే ముందు పాల వేడి చూసేటంత శ్రద్ధగా. గుంట పడ్డ చోటల్లా లప్పం, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దడం, మళ్లీ లప్పం, మళ్లీ రుద్దడం. ఇనుము మీద ఇదంతా నీకు తెలుసా వదినా అని అడిగాను. చెక్కని నీళ్లు తింటాయి, ఇనుముని గాలి తింటుంది, మిగతాదంతా ఒకటే అంది.

నాకు నచ్చేది ఆఖరి ఘట్టం. రుద్దాక కళ్లు మూసుకుంటుంది. వేళ్ల వెనక వైపుతో మెల్లిగా నిమురుతూ పోతుంది. ఎక్కడో ఆగుతుంది. నాకు ఎంత చూసినా అక్కడ ఏమీ కనబడదు. కళ్లు మూసుకుని ఎందుకు అంటే, చూస్తుంటే చెయ్యి బద్ధకిస్తుంది అంది.

వ్యాన్ కింద కూడా ఇదే వరస. చాప పరుచుకుని వెల్లకిలా దూరింది. కింద ఎవరు చూస్తారు వదినా అన్నాను. నేను చూస్తాను కదా అంది. నేను పక్కన గొంతుక్కూర్చుని, తన చేతి కింద లప్పం డబ్బా పట్టుకున్నాను. ఒక చోట ఇనుప దూలం మీద తుప్పు గుంటలు తగిలాయట, చిన్నచిన్నవి, పక్కపక్కనే. పాపం, ఎంత తినేసిందో చూడు దీన్ని అని ఒక్కొక్క గుంటలో వేలి కొసతో లప్పం నింపింది, పసిపిల్ల ఒంటికి మందు రాసినట్టు. ఆ వేలు చూస్తూ నేను డబ్బా వంచేశాను. ఇంత ముద్ద నేల మీద పడింది. లప్పం బండికి మరదలా, నేలకి కాదు, నేలనెవరూ ఇన్‌స్పెక్షన్‌కి పిలవలేదు అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వు అయ్యేసరికి ముద్ద రాయైపోయింది. గోకాను, రాలేదు. నూనె మరకకి తోడు ఇదొకటి.

జూలై 19, శనివారం

వదినకి భోజనం పట్టుకుని కొట్టుకి వెళ్లాను. అక్కడ ఒకాయన ఉన్నాడు, చవక చెక్కతో చేయించిన తలుపు తెచ్చి, దాని మీద టేకు చారలు దించమంటున్నాడు. రంగుతో, కుంచెతో. అమ్మకానికట. నువ్వు దించితే అసలు టేకుకి కూడా అనుమానం వస్తుంది అంటున్నాడు. వదిన ఒప్పుకోలేదు. ఈ చెక్కని ఈ చెక్కలాగే మెరిపిస్తాను, ఇంకోదాని పేరు పెట్టను అంది. ఆయన తలుపు ఎత్తుకుని పోయాడు.

కొట్టు మూసేసే ముందర వచ్చిన పని వదులుకుంటుందా ఎవరైనా? ఇంటికొచ్చేదారంతా తనది పట్టుదలా, తిక్కా అని ఆలోచించాను. తేలలేదు. అలాంటి తిక్క నాకుంటే బాగుండును అని మాత్రం అనిపించింది.

జూలై 27, ఆదివారం

రంగు పూర్తయింది. తేనె రంగు. ముదురు తేనె కాదు, సీసాలో పోసి ఎండకి పట్టుకుంటే కనబడేది.

వదిన నన్ను కళ్లు మూసుకోమంది. నా చెయ్యి పట్టుకుని ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా నడిపించింది. అతుకు ఎక్కడుందో చెప్పు అంది. చెప్పలేకపోయాను. వంగోబెట్టి కింద దూలం కూడా తడిమించింది. అద్దం. మా ఆయన కూరగాయల సంచి చేతిలో ఉండగానే చుట్టూ తిరిగి చూసి, అక్కా, దీన్ని రోడ్డు మీద తిప్పడం అన్యాయం అన్నాడు. ఇరవై ఐదేళ్లు తిప్పకపోవడం అన్యాయం కాదుట్రా అంది. ముప్ఫై పైనే అక్కా అన్నాడు. లెక్కలు ఉద్యోగస్తులకి అంది.

ఈ మనిషి చేతిలో ఏది పడినా ఇలాగే అవుతుందా? నాలో ఇన్ని సందేహాలున్నాయి, వాటిలో ఒక్కటైనా ఇంత నున్నగా తేల్చానా ఎప్పుడైనా?

ఆగస్టు 5, మంగళవారం

తాత్కాలిక పర్మిట్ మీద రవాణా ఆఫీసుకి. వదిన నడిపింది, నేను పక్కన. లైసెన్సు తీసుకునేటప్పుడు నా కారు మీద నేర్చుకుని నా ప్రాణం తోడింది, ఇవాళ ఒక్క కుదుపు లేదు.

వెనక మైదానంలో ఇన్‌స్పెక్షన్. ఇన్‌స్పెక్టర్ అమ్మాయి, మా కాలేజీలో చదివి ఉంటే నిన్నమొన్నే వెళ్లిపోయినంత వయసు, చొక్కా చేతులు పైకి మడిచింది. బ్రేకులు పాస్. లైట్లు పాస్. పొగ పాస్. వైపర్లు వేసి చూపించమంది, వేశాం. వదిన నా మోచెయ్యి గిల్లింది, సంతోషానికి.

తర్వాత ఆ అమ్మాయి టార్చి పట్టుకుని బండి కిందకి దూరింది. చాలాసేపు రాలేదు. వచ్చి, ఛాసిస్ నంబరేది అంది. తలుపు దగ్గర రేకు చూపించాం. రేకు ఎవరైనా మార్చొచ్చు, దూలం మీద కొట్టింది కావాలి, ఇంతకుముందెక్కడా రిజిస్టరవ్వని బండికి అదొక్కటే ఆధారం అంది. కొట్టింది అంటే ఎలా ఉంటుంది అని వదిన అడిగింది. ఇనుములోకి దిగేలా అంకెలు కొడతారండీ, చిన్నచిన్న గుంటల్లాగా, పక్కపక్కనే అంది.

వదిన కుడిచేతి వేళ్లు కదిలాయి. నేను చూశాను. నాకూ అదే క్షణంలో తెలిసింది.

నేను నోరు విప్పేలోగా వదినే చెప్పింది. అవి నేనే పూడ్చేశానమ్మా, తుప్పు అనుకున్నాను అంది. ఆ అమ్మాయి నమ్మలేదు. తప్పు పట్టలేను. దొంగబండ్లు తెచ్చేవాళ్లు నంబరు గీకేసి రంగేస్తారు, ఇంత నున్నగా చేసినవాళ్లని మాత్రం నేను చూడలేదు, అందుకే ఎక్కువ అనుమానంగా ఉంది అంది. వచ్చే మంగళవారం లోపల అసలు నంబరు చూపించాలి. లేకపోతే బండి స్వాధీనం చేసుకుంటారు, తర్వాత తుక్కు కిందకి. అలా చెప్పడం తనకీ ఇష్టం లేనట్టే ఉంది.

బండి మళ్లీ వదినే ఇంటికి నడిపింది. పని బాగా చేసినందుకు తనని దొంగనడం మొదటిసారి అయ్యుంటుంది.

అదే రోజు, సాయంత్రం

వదిన వ్యాన్‌లోంచి దిగనంటోంది. సందు మొదట్లో అడ్డదిడ్డంగా ఆపేసి అలాగే కూర్చుంది. టీ తీసుకెళ్తే తాగింది. నా చేతికి అన్నీ తెలుసనుకున్నాను అంది.

లోపలికొస్తే మా ఆయన పుస్తకాల గదిలో కింది అర ఖాళీ చేస్తున్నాడు. ముందుచూపట. నేను ఆ పుస్తకాలన్నీ తీసి మళ్లీ అరలో పెట్టేశాను. గది కోసం కాదు. ఈసారి కచ్చితంగా కాదు. అనుకుంటా.

ఆగస్టు 6

డాక్టర్ తిరిగొచ్చాడు, మనవరాలి ఫోటోలు చూపిస్తూ. సంగతి విని ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. నేను ఊళ్లో ఉండుంటే చెప్పేవాణ్ని కదమ్మా, బురద పట్టి ఉందని నేనూ చూడలేదు అని తల కొట్టుకున్నాడు. ఈ మోడల్‌కి కుడివైపు దూలం మీద ఉంటుందట. ఎక్కడ అంటే, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య ఎక్కడైనా.

తర్వాత గొంతు తగ్గించి ఒక దారి చెప్పాడు. తనకి తెలిసినవాడి దగ్గర అంకెల పంచ్‌లు ఉన్నాయి. రేకు మీద నంబరు ఎలాగూ ఉంది. అదే నంబరు దూలం మీద కొట్టించేస్తే పోతుంది.

నేను చేయించెయ్యండి అన్నాను. చెప్పాల్సిన మాట కాదు, అయినా అన్నాను. పైగా వాదించాను, క్లాసులో వాదించినట్టు. అది అబద్ధపు నంబరు కాదు కదా, ఈ బండి నంబరే కదా, కింద ఉన్నదీ అదే, పైన కొట్టేదీ అదే, నిజాన్ని రెండోసారి రాస్తే తప్పెలా అవుతుంది? ఎంత బాగా చెప్పానో. నాకే ముచ్చటేసింది.

వదిన అంతా విన్నది. టేకు చెక్క మీద టేకు చారలు దించినా దొంగచారలే మరదలా అంది. లేచి డబ్బాలు సర్దుకుంది.

ఆగస్టు 7, గురువారం

దొరకలేదు.

వదిన కళ్లు మూసుకుని దూలం ఆ చివర నుంచి ఈ చివర దాకా నిమిరింది, మళ్లీ ఈ చివర నుంచి ఆ చివరకి. వేళ్లు ఎక్కడా ఆగలేదు. తను పూడ్చింది తనకే తగలడం లేదు. అంత బాగా పూడ్చింది. చివరికి వెల్లకిలా అలాగే పడుకుని నవ్వడం మొదలుపెట్టింది. నన్ను నేనే ఓడించుకున్నానే అంది. నవ్వు ఆపాక కళ్లు తుడుచుకుంది, దుమ్ము అంది.

దూలమంతా బ్లేడుతో గీకేద్దామా అన్నాను. ఇనుము మీద గీతలు పడితే ఆ ఇన్‌స్పెక్టర్ పిల్ల ఇంకా అనుమానిస్తుంది, తప్పూ లేదు అంది. మెత్తబెట్టి, చెక్కముక్కతో తియ్యాలట, కొంచెం కొంచెం. అలా దూలం మొత్తం తియ్యాలంటే మంగళవారం కాదు, నెల కూడా చాలదు. చోటు తెలియాలి.

ఆగస్టు 8, శుక్రవారం

తెలిసింది! ఇది వివరంగా రాయాలి.

పొద్దున్న కాలేజీకి బయల్దేరి సందులోంచి నడుస్తున్నాను. వ్యాన్ ఇంకా సందు మొదట్లోనే ఉంది, సందు లోపలంతా ఖాళీ. నేల మీద నా శత్రువులిద్దరూ కనబడ్డారు. నూనె మరక. దానికి కాస్త వెనగ్గా, కుడివైపు, బూడిదరంగు లప్పం చుక్క. ఎన్నిసార్లు తిట్టుకుంటూ తోమానో వాటిని. ఇవాళ కూడా తిట్టుకుంటూ దాటాను. దాటాక కాళ్లు ఆగిపోయాయి.

నూనె కారింది ఇంజను కింది బోల్టు దగ్గర. లప్పం పడింది వదిన ఆ గుంటలు పూడుస్తుంటే, తన చేతి కింద పట్టుకున్న డబ్బాలోంచి. నూనె కారినప్పట్నుంచి లప్పం పడేదాకా బండి అంగుళం కదల్లేదు.

వదినా అని అరిచాను. వీధంతా వినబడి ఉంటుంది. ఆఫీసుకి తయారవుతున్న మా ఆయన కూడా పరిగెత్తుకొచ్చాడు. డాక్టర్‌కి ఫోను చేస్తే దారానికి నట్టు కట్టుకుని వచ్చాడు. బోల్టు నుంచి దారం వేలాడదీసి, నట్టు సరిగ్గా నూనె మరక నడిమధ్యకి వచ్చేదాకా బండిని ముందుకీ వెనక్కీ తోశాం. ఇంకొంచెం, ఇంకొంచెం, అయ్యో ఎక్కువైంది, ఇదే గోల. మా ఆయన ఇస్త్రీ చొక్కా పోయింది. తర్వాత అదే దారాన్ని దూలం నుంచి లప్పం చుక్క మీదకి దించాం.

వదిన అక్కడ రంగుని మెత్తబెట్టే మందులో తడిపిన గుడ్డ అదిమిపట్టి కూర్చుంది, కాపడం పెట్టినట్టు. చెక్కముక్కని కలం పాళీలా చెక్కుకుంది. కంగారు లేదు, హడావిడి లేదు. రంగు మెత్తబడి ముడతలు పడింది. నెల రోజుల పని అది. తన చేత్తోనే చుట్టలు చుట్టలుగా తీసి పక్కన పెట్టింది. అంత అందమైన పని పాడవుతోందే అని నేను మొహం తిప్పుకున్నాను. తనకి అలాంటి బాధ ఉన్నట్టే లేదు. పెట్టేటప్పుడు ఎంత శ్రద్ధో తీసేటప్పుడూ అంతే.

కాలేజీకి వెళ్లలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. నిజానికి ఇంత బాగున్నది ఈమధ్య ఎప్పుడూ లేదు.

మధ్యాహ్నానికి వదిన నన్ను కిందకి రమ్మంది. చాప మీద పక్కన పడుకోబెట్టుకుని, నా చూపుడువేలు పట్టుకుని దూలానికి ఆనించింది. కళ్లు మూసుకోమంది. చల్లటి ఇనుము. ఒక గీత, ఒక వంపు.

ఏడు అన్నాను.

ఏడే అంది.

ఆగస్టు 10, ఆదివారం

అన్నీ బయటపడ్డాయి, ఆఖరిది తప్ప. అక్కడ ఉప్పుకాగితం గట్టిగా పట్టిందట ఆ రోజు. అంకె లోతు పోయింది. మూడంటే మూడు, ఎనిమిదంటే ఎనిమిది. రేకు మీద ఎనిమిది ఉంది. రేకు చూడకుండా చదవగలగాలి కదా.

వదిన ఇవాళ అన్నం సరిగ్గా తినలేదు.

ఆగస్టు 12, మంగళవారం

నేనూ వెళ్లాను. రెండు పీరియడ్లు ఇంకొకరికి అప్పగించి.

ఆ అమ్మాయి బండి కిందకి దూరే ముందే వదిన మొదలుపెట్టింది. ఇక్కడ పూడ్చాను, ఇలా తీశాను, ఆఖరి అంకె నా రుద్దుడుకి అరిగింది, అది మాత్రం నేనేం చెయ్యలేను, చేయించనూ లేదు అంది. దాచుకోవాల్సినవన్నీ ముందే చెప్పేస్తుంటే నేను వెనకనుంచి కొంగు లాగాను.

ఇన్‌స్పెక్టర్ పల్చటి కాగితం దూలం మీద పరిచి పెన్సిల్‌తో మెల్లిగా రుద్దింది. మేమిద్దరం కూడా వంగి, తలలు బండి కింద పెట్టి చూస్తున్నాం. కాగితం మీద అంకెలు ఒక్కొక్కటే తెల్లగా లేచాయి. ఆఖరి దగ్గర పెన్సిల్ ఆగింది. ఇంకా మెల్లిగా రుద్దింది. ముందు కుడివైపు వంపులు లేచాయి. తర్వాత, ఉందా లేదా అన్నట్టు, ఎడమవైపు.

ఎనిమిది అంది ఆ అమ్మాయి.

వదిన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఏ మాటా కాదు.

బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ ఆ అమ్మాయి అడిగింది, అసలు బండి కింద ఇంత నున్నగా ఎందుకు చేశారండీ, ఎవరు చూస్తారని అని. మీరు చూశారు కదమ్మా అంది వదిన. ఆ పిల్ల ఎంత నవ్విందో. సంతకం పెట్టేసింది. ఆ చోటు మళ్లీ పూడ్చొద్దని మాత్రం వేలు చూపించి చెప్పింది. పైన పల్చగా లక్క వెయ్యొచ్చా, కనబడేలాగానే, తుప్పు పట్టకుండా అని వదిన బతిమాలింది. సరేనంది.

వెళ్లబోతుంటే ఆ అమ్మాయి మెల్లిగా, మా అమ్మ దగ్గర పాత డ్రెస్సింగ్ టేబుల్ ఒకటి ఉంది, ఎప్పుడైనా వస్తారా అంది. నంబరొచ్చాక వస్తాను, ఇప్పుడొస్తే లంచమంటారు అంది వదిన.

ఆగస్టు 21

నంబరు ప్లేటు వచ్చింది. స్క్రూలు వదినే బిగించింది. ఖాళీ రేకు ఉన్న చోట అంకెలు చూస్తుంటే ముచ్చటగా ఉంది, వింతగా కూడా ఉంది. డాక్టర్ మనవరాలికి ఇంకా పేరు పెట్టలేదట, మీ బండికి ముందొచ్చిందమ్మా అన్నాడు.

ఆగస్టు 31, ఆదివారం

కొట్టు ఖాళీ. డబ్బాలు, కుంచెలు, ఉప్పుకాగితం కట్టలు, చెక్క దిమ్మలు అన్నీ వ్యాన్‌లోకి ఎక్కాయి. దేనికి దానికి అర చేసుకుంది. నేను తాళం వెయ్యబోతే ఆగమని, ఖాళీ కొట్టులో గోడని ఒకసారి నిమిరి వచ్చింది. ఇది నా పని కాదు, గరుకు అంది.

ఇంటికొచ్చి భోంచేశాక, మా ఆయన లోపలికి వెళ్లినప్పుడు, నీ గది నీకు మిగిలింది కదే అని నవ్వింది. మొదటి రోజు నుంచీ తెలుసు తనకి! సిగ్గుతో చచ్చాను. గదిదేముంది వదినా, నువ్వు ఇక్కడే ఉండు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. నిజంగానే అన్నానా అని ఇప్పుడు కూర్చుని గుచ్చిగుచ్చి చూసుకుంటున్నాను. వేలికి ఏమీ తగలడం లేదు.

ఈ మాట ముందే అనాల్సింది, అప్పుడు ఆ బండి కిందంతా అంత కష్టపడకపోదును అంది. తర్వాత నా బుగ్గ మీద వేళ్ల వెనక వైపుతో నిమిరింది. హారన్ కొట్టి వెళ్లిపోయింది. మలుపులో ఇండికేటర్ వేసింది.

సెప్టెంబర్ 7

సందు ఖాళీ అయి వారమైంది. నూనె మరక, లప్పం చుక్క. ఉప్పుకాగితం తీసుకుని వాటి ముందు కూర్చున్నాను. కళ్లు మూసుకుని చుక్కని ఒకసారి ముట్టుకుని, లేచి వచ్చేశాను.

కారు ఇవాళ కూడా వీధిలోనే పెట్టాను.